గోడ లోపలి చట్టం, గోడ బయటి చావు

పనిచేసే చోట భద్రత గురించి మాట్లాడేవాళ్లంతా ఒప్పుకునే సూత్రం ఒకటుంది. పని మొదలవక ముందే ప్రమాదాన్ని అంచనా కట్టాలి. దాన్ని తొలగించే పథకం వేయాలి. ఆ పథకానికి ఒక బాధ్యుణ్ణి పెట్టాలి. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. మా ప్రశ్న వేరు. ఈ దేశంలో ఎవరి పనికి ఇట్లాంటి పథకం వేశారు? ఎవరి పనికి వేయకుండా వదిలేశారు? వదిలేయటం వెనక వున్నది మరుపా, లేక ఒక పద్ధతా?

ఈ ప్రశ్నతో మేం భద్రతా చట్టాల్ని ఒక పాఠంగా చదవదలుచుకున్నాం. కథనో కవితనో చదివేటప్పుడు ఇందులో ఎవరు కనబడుతున్నారు, ఎవరు మాయమయ్యారు అని దళిత విమర్శ అడుగుతుంది. చట్టాన్ని మాత్రం మనం ఎక్కువగా అమలు దగ్గరే పట్టుకుంటున్నాం. 'చట్టం మంచిదే, అమలు లేదు' అనే మాట మన సభల్లో పాతబడిపోయింది. అమలు లేకపోవటం నిజమే. కానీ అమలు కాకుండా పోయే దారి చట్టం వాక్యాల్లోనే వుంటే అప్పుడేం చేయాలి? మాన్‌హోల్ చావుల విషయంలో ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

ఒకే విషవాయువు, రెండు న్యాయాలు

ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. దాని 36వ సెక్షన్ ట్యాంకులు, గుంతలు, గొట్టాలు లాంటి ఇరుకు జాగాల గురించి. విషవాయువు వుండే అవకాశమున్న అట్లాంటి చోటికి మనిషిని పంపకూడదని అది చెప్పింది. పంపక తప్పకపోతే ముందు వాయువును తీసేయటానికి వీలైనవన్నీ చేయాలి. ఆ తర్వాత అర్హత వున్న వ్యక్తి తానే పరీక్ష చేసి, లోపల ప్రమాదం లేదని కాగితం మీద రాసి ఇవ్వాలి. లేదా దిగే మనిషికి గాలి అందించే పరికరం వుండాలి, నడుముకి బెల్టు వుండాలి, బెల్టుకి కట్టిన తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో వుండాలి.

అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదికే ఈ దేశపు చట్టానికి అన్నీ తెలుసు. గుంతలో ఏముంటుందో తెలుసు. దాన్ని పరీక్షించాలని తెలుసు. సంతకం ఎవరిదో, తాడు ఎవరి చేతిలో వుండాలో తెలుసు. కాబట్టి 'అవగాహన లేక జరిగిన ప్రమాదం' అని అధికారులు చెప్పే మాటని మొదటి పేజీలోనే పక్కన పెట్టొచ్చు.

అయితే ఈ తెలివంతా ఫ్యాక్టరీ గోడ లోపలికే. ఇక్కడ ఒక విచిత్రం వుంది. అదే చట్టం 'తయారీ ప్రక్రియ' అంటే ఏమిటో చెబుతూ నూనెనీ నీటినీ మురుగునీ పంపు చేయటాన్ని కూడా అందులో చేర్చింది. కరెంటుతో నడిచే మురుగు పంపింగ్ స్టేషన్‌లో పదిమంది పనిచేస్తే ఆ చట్టం కింద అది ఫ్యాక్టరీ అయ్యేది. దానికి ఇన్‌స్పెక్టరు, రిజిస్టరు, 36వ సెక్షన్ అన్నీ వర్తించేవి. ఆ స్టేషన్‌కి మురుగుని మోసుకొచ్చే పైపూ, ఆ పైపు మీద వీధివీధికీ వున్న మాన్‌హోలూ ఫ్యాక్టరీ కావు. మురుగు అదే, వాయువు అదే. యంత్రం వున్న చోట చట్టం వుంది, మనిషిని యంత్రంగా వాడే చోట లేదు.

2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చి ఫ్యాక్టరీల చట్టాన్ని తనలో కలుపుకుంది. ఫ్యాక్టరీకి కావలసిన మనుషుల సంఖ్యని కరెంటు వుంటే ఇరవైకి, లేకపోతే నలభైకి పెంచింది. మామూలు సంస్థకైనా పదిమంది వుండాలి. కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం యాభైమంది వుంటేనే వర్తిస్తుంది. 1970 చట్టంలో ఇది ఇరవై. ఇప్పుడు ఒక మాన్‌హోల్ దగ్గరికి వచ్చేవాళ్లని లెక్కపెట్టండి. దిగేవాడు ఒకడు, పైన వుండేవాళ్లు ఇద్దరో ముగ్గురో, ఫోనులో మేస్త్రీ. ఈ లెక్కకి ఏ గీతా అందదు.

ఇదే కోడ్ ఇంకో పని కూడా చేసింది. సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదంటూనే ఏది ముఖ్యం కాదో జాబితా ఇచ్చింది. సంస్థ పెట్టిందే ఆ పని కోసం అయితే తప్ప, ఊడ్చటం, కడగటం, అన్ని రకాల చెత్త ఎత్తటం సహా పారిశుధ్యం ముఖ్యమైన పని కాదు. ఆస్పత్రికీ కాలేజీకీ హోటలుకీ శుభ్రత ముఖ్యం కాని పనా? ఒక్కరోజు ఆపి చూస్తే తెలుస్తుంది. ఏ పని ముఖ్యం, ఏది కాదు అనే విభజన మనకి కొత్త కాదు. ఊరికీ వాడకీ మధ్య గీసిన గీతే ఇక్కడ 'ముఖ్యం' అనే మాట పక్కన మళ్లీ గీశారు.

ప్రమాదం ఎక్కడుంది?

2013 చట్టం సంగతి వేరు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించి పునరావాసం కల్పించే చట్టమిది. మురుగు కార్మికుల్ని పేరుపెట్టి చూసింది. అంతకుముందున్న 1993 చట్టం పొడి మరుగుదొడ్ల దగ్గరే ఆగిపోయింది. డ్రైనేజీనీ సెప్టిక్ ట్యాంకునీ చట్టంలోకి తెచ్చింది ఉద్యమమే. సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టులో వేసిన కేసు, అంతకుముందూ తర్వాతా బెజవాడ విల్సన్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి చేసిన పని లేకపోతే ఈ చట్టం లేదు. అది అంబేడ్కర్ వర్ధంతి రోజున, 2013 డిసెంబర్ 6న అమల్లోకి వచ్చింది. ఆ గెలుపుని తక్కువ చేయటం మా వుద్దేశం కాదు. గెలిచిన చట్టాన్ని మరింత జాగ్రత్తగా చదవాలని మాత్రమే అంటున్నాం.

'ప్రమాదకరమైన శుభ్రత' అనే మాటకి ఆ చట్టమిచ్చిన అర్థం చూడండి. యజమాని రక్షణ సామగ్రీ పరికరాలూ ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా కార్మికుడి చేత మురుగు కాల్వనో సెప్టిక్ ట్యాంకునో శుభ్రం చేయిస్తే అది ప్రమాదకరమైన శుభ్రత. దీన్ని తిరగేసి చదివితే సామగ్రి ఇచ్చి దింపితే అది ప్రమాదకరం కాదు! మాన్‌హోల్‌లో ప్రమాదం లేదట, సామగ్రి లేకపోవటంలోనే వుందట. 'చేతులతో మలం ఎత్తేవాడు' అనే మాటకిచ్చిన అర్థం కింద కూడా ఇట్లాంటి వివరణే వుంది. ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో ఆ పని చేసేవాణ్ణి ఆ లెక్కలో చూడరు. ఒక జత గ్లౌజులతో మనిషి ఒక నిర్వచనంలోంచి బయటికి వెళ్లిపోతాడు. అదే గుంత, అదే మలం, అదే కులం.

ఆ చట్టం కింద వచ్చిన నియమాలు 44 రకాల రక్షణ సామగ్రిని వరస పెట్టాయి. జాబితా చూస్తే ఎంతో శ్రద్ధ పెట్టినట్టుంటుంది. భద్రతా శాస్త్రం చెప్పే వరస మాత్రం వేరు. మొదట ప్రమాదాన్నే లేకుండా చేయాలి. కుదరకపోతే పని పద్ధతి మార్చాలి. తర్వాత యంత్రాలతో మనిషినీ ప్రమాదాన్నీ వేరు చేయాలి. ఆ తర్వాత అనుమతులూ శిక్షణా. అన్నిటికన్నా చివర, వేరే దిక్కు లేనప్పుడు ఒంటిమీద వేసుకునే సామగ్రి. ఏ సేఫ్టీ డిప్లొమా విద్యార్థిని అడిగినా ఈ వరస అప్పజెబుతాడు. 33వ సెక్షన్‌లో స్థానిక సంస్థలు యంత్రాలు వాడాలన్న మాట వుంది, కాదనటం లేదు. కానీ నేరం జరిగిందా లేదా అని తేల్చేది మాత్రం సామగ్రే. చివరి మెట్టుని తెచ్చి మొదటి మెట్టు చేశారు.

ఇది మాటల తగాదా కాదు. మురుగు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైంది, గుంత అడుగున చేరుతుంది. కొద్దిగా వుంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. కంపు పోయింది కదా అని దిగినవాడు ఇంకా ఎక్కువ వాయువులోకి దిగుతున్నాడు. కొన్ని వందల పీపీఎం దాటితే కేక వేసే వ్యవధి కూడా వుండదు. ముక్కుకి కట్టుకున్న గుడ్డా, దుమ్ము మాస్కూ ఈ వాయువుని ఆపలేవు. బయటి నుంచి గాలి అందాలి, అంతకుముందు మీటరు పెట్టి చూడాలి. 'దిగరా, ఏం కాదు' అనే మేస్త్రీ మాట ఆ మీటరు బదులు వాడుతున్న పరికరం.

అందుకే ఈ చావులు ఒంటరిగా రావు. మొదటివాడు పడిపోతాడు, కాపాడటానికి రెండోవాడు దిగుతాడు, ఆ తర్వాత మూడోవాడు. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లో ముగ్గురు కార్మికులూ, వాళ్లని కాపాడబోయిన ఒక డ్రైవరూ చనిపోయారు. అంతకు ముందటి సంవత్సరం కోజికోడ్‌లో, పనికోసం ఆంధ్ర నుంచి వెళ్లిన ఇద్దరు కూలీలతో పాటు వాళ్ల కోసం దిగిన ఆటో డ్రైవరు ప్రాణం పోయింది. తోటి మనిషి మీద ప్రేమ ఇక్కడ చావుకి కారణమవుతోందంటే బయటికి లాగే ఏర్పాటు ముందే చేయలేదని అర్థం. 1948 నాటి తాడు 2016కి కూడా వీధిలోకి రాలేదు.

లెక్కలోంచి మాయం కావటం

నిర్వచనం చేసే పని పార్లమెంటులో కళ్లకి కడుతుంది. చేతులతో మలం ఎత్తటం వల్ల చావులేవీ నమోదు కాలేదని 2021 జూలైలో ప్రభుత్వం రాజ్యసభలో జవాబిచ్చింది. అదే ప్రభుత్వం 2019 నుంచి 2023 వరకూ మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతలో 377 మంది చనిపోయారని 2024లో చెప్పింది. రెండు జవాబులూ చట్టభాషలో సరైనవే! ఒక గడిలో సున్నా, పక్క గడిలో 377. సున్నా గడి చూపించి పునరావాసం పూర్తయిందంటారు. 377 గడి చూపించి ప్రమాదాలంటారు. కులం ఏ గడిలోనూ కనబడదు.

2022, 2023 సంవత్సరాల చావుల్లోంచి 54 తీసుకుని కేంద్రం సామాజిక తనిఖీ చేయించింది. ఆ వివరాలు 2025లో పార్లమెంటు ముందుకొచ్చాయి. 54లో 49 మంది ఒంటిమీద ఏ రక్షణ సామగ్రీ లేదు. 47 సందర్భాల్లో యంత్ర పరికరాలు ఇవ్వలేదు. నియమాల్లోని 44 రకాలు అక్షరాలుగానే మిగిలాయి. ఇంకోపక్క, నమస్తే పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలు కలిసి 91.9 శాతం. ఎస్సీలొక్కరే 68.9 శాతం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీల వాటా 16.6 శాతం. కులం పనిని పంచటంతో ఆగలేదనీ, పనిచేసేవాళ్లనే మెట్లమెట్లుగా విడగొట్టిందనీ అంబేడ్కర్ 1936లోనే వివరించాడు. ఆ మెట్లలో అట్టడుగుది నేలకి ఇంకా కిందికి, మాన్‌హోల్‌లోకి దిగివుంది. దాన్ని 'రిస్క్' అనే మాటతో కొలిచేవాళ్లు మెట్ల గురించి మాట్లాడరు.

కారంచేడు (1985), చుండూరు (1991) మనకి ఒక విషయం నేర్పాయి. దళితుడి చావుకి హంతకుడుంటాడు, వాడి పేరు అడగాలి. మాన్‌హోల్ చావు దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న నోట్లోనే ఆగిపోతోంది. గొడ్డలి లేదు, గుంపు లేదు, వాయువు వుంది. వాయువు మీద కేసు పెట్టలేం. పోలీసులు నిర్లక్ష్యం సెక్షన్ కింద కేసు రాసి చేతులు దులుపుకోటం పరిపాటి. నిజానికి 2013 చట్టం 7వ సెక్షన్ ప్రత్యక్షంగానైనా పరోక్షంగానైనా ఎవరూ మనిషిని ఈ పనికి పెట్టకూడదంటుంది. ఆ 'పరోక్షం' అనే ఒక్క మాట చాలు, కాంట్రాక్టరు వెనక నిలబడ్డ అధికారిని పట్టుకోటానికి. మొదటి నేరానికి రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా వున్నాయి. నేరం బెయిలు లేనిది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, చేతులతో మలం ఎత్తించటాన్ని అత్యాచారంగా గుర్తించింది. కానీ అక్కడా మళ్లీ నిర్వచనం తలుపు దగ్గర కాపలా వుంటుంది: గ్లౌజులున్నాయా, లేవా?

యంత్రం, నష్టపరిహారం

1993 నుంచీ చనిపోయిన ప్రతివాళ్ల కుటుంబానికీ 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. కుటుంబాలకి ఆ డబ్బు హక్కుగా రావాలి, ఇంకా రాని ఇళ్ల కోసం కొట్లాడాలి. కానీ పరిహారం పథకం కాదు. చచ్చినోడి కళ్లు చారెడన్నట్టు, బతికున్నప్పుడు మీటరు కొనని వ్యవస్థ చచ్చాక చెక్కుతో ఫొటో దిగుతుంది.

యంత్రాల సంగతీ ఇంతే. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికుల సంస్థ డిక్కీ తోడ్పాటుతో ఇరుకు సందుల్లోకి పోగల 70 మినీ జెట్టింగ్ యంత్రాల్ని దింపింది. ఇది మంచి అడుగు. దళితులు యంత్రానికి యజమానులు కావటం కూడా చిన్న విషయం కాదు. అయినా నాలుగేళ్లకి, 2021 ఆగస్టులో, అదే నగరంలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మాన్‌హోల్ పనికి పోయిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో తిరిగి రాలేదు. యంత్రం కొనటం, పథకం వేయటం ఒకటి కాదు. నగరం మొత్తంలో ఎన్ని సందులున్నాయి, ఏ సందుకి ఏ యంత్రం పోతుంది, పోని చోట ఏం చేయాలి, కార్పొరేషన్ కాంట్రాక్టరుకి ఎవరు జవాబుదారీ, రాత్రిపూట పని ఎవరు ఆపాలి? ఇవన్నీ కాగితం మీద తేలితేనే అది పథకం. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించటాన్ని ఆపమని ఆదేశించింది. ఆదేశం సరే. ఇట్లాంటి తేదీలు ఈ కథలో చాలా వున్నాయి, ఒక్కో తేదీకి ముందూ వెనకా చావులున్నాయి.

అడగాల్సింది ఏమిటి?

విమర్శ ఇక్కడ ఆగితే సరిపోదు. చట్టం వాక్యాల్లో దారులు మూసేసినచోటే కొన్ని కంతలు మనకీ పనికొస్తాయి. 2013 నియమాల ప్రకారం సామగ్రి ఇచ్చి కూడా మనిషిని దించటానికి వీల్లేదు, కొన్ని మినహాయింపుల్లో తప్ప. అందులో చివరిది అన్నిటికన్నా వెడల్పైంది: తప్పనిసరి అయితే దించొచ్చు. దానికి మాత్రం స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి అనుమతివ్వాలి. ఇదే మనకి దొరికిన తాడు కొస. సమాచార హక్కు చట్టం కింద ప్రతి మునిసిపాలిటీనీ అడగొచ్చు: గత ఏడాది ఇట్లాంటి అనుమతులెన్ని ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు, రాసిన కారణమేమిటి? జవాబు 'ఒక్కటీ లేదు' అయితే, మిగతా మినహాయింపుల కిందికి రాకుండా ఆ ఏడాది ఆ వూళ్లో దిగిన ప్రతి మనిషీ చట్టవిరుద్ధంగా దిగినట్టే. అధికారి సంతకం లేకపోవటమే సాక్ష్యమవుతుంది.

ఇంకా అడగాల్సినవి వున్నాయి. వాయువు కొలిచే మీటర్లెన్ని, ఎవరి దగ్గరున్నాయి, ఆఖరుసారి ఎప్పుడు సరిచూశారు? కాంట్రాక్టు పత్రంలో భద్రతకి విడిగా డబ్బు చూపారా, లేక తక్కువ ధర కోట్ చేసినవాడికే పనిచ్చి మిగులు ప్రాణాల్లోంచి తీసుకోమన్నారా? లోపల మనిషి పడిపోతే దిగకుండా లాగే ఏర్పాటేమిటి? కలెక్టరు అధ్యక్షుడుగా వుండాల్సిన జిల్లా నిఘా కమిటీ ఎప్పుడు కూచుంది? సెప్టిక్ ట్యాంకుకి ఇంటి యజమాని నేరుగా ఇద్దరు కూలీల్ని పిలిస్తే మునిసిపాలిటీ చూస్తూ వూరుకుంటుందా? సామాజిక తనిఖీ చూసిన 54 మందిలో 38 మంది ఇట్లా విడిగా కుదుర్చుకున్నవాళ్లే కాబట్టి ఈ చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు.

కార్మిక సంఘాలకీ ఒక మాట. భద్రత అంటే ఫ్యాక్టరీ గేటు లోపలి డిమాండుగానే ఇన్నాళ్లూ నడిచింది. వీధిని కూడా పనిస్థలంగా గుర్తించమని, పదిమంది, యాభైమంది అనే లెక్కతో సంబంధం లేకుండా ఇరుకు జాగాలన్నిటికీ పాత 36వ సెక్షన్ రక్షణ వర్తింపజేయమని అడగటం కులం సమస్యా అవుతుంది, కార్మిక సమస్యా అవుతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమనే వాదన రెల్లి, మెహతర్, మాదిగ వాడల్లో నిలబడదు. టీచర్లు ఈ రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి క్లాసులో చదివిస్తే మంచిది. ఒకే వాయువుకి రెండు చట్టాలు ఎందుకున్నాయని పిల్లలే అడుగుతారు.

ప్రమాదం అనే మాటకి మేం ఒక పరీక్ష పెడుతున్నాం. ముందే తెలియనిది, తెలిసినా ఆపలేనిది జరిగితే అది ప్రమాదం. 1948 నుంచి తెలిసిందీ, ఒక మీటరూ ఒక తాడూ ఒక సంతకంతో ఆపగలిగిందీ ప్రమాదం కాదు. మనుషుల్లో ఎవరికి పథకం వేయాలి, ఎవరికి పరిహారం లెక్కగట్టాలి అని ఎవరో ముందే నిర్ణయించారు. ఆ నిర్ణయం తీసుకున్న కుర్చీ ఏదో, దానిమీద ఎవరున్నారో పేరుపెట్టి అడగటం ఇప్పుడు మన పని.